దొంగనిద్ర

బ్యాగు జిప్పు తీసి చెయ్యి పెట్టగానే సెగ తగిలింది. ల్యాప్‌టాప్ అడుగుభాగం ఒళ్లో పెట్టుకోలేనంత వేడిగా ఉంది. లోపల ఫ్యాను రొద చేస్తోంది. మూత తెరిచి చూస్తే బ్యాటరీ 43 శాతం. ముందురోజు రాత్రి మూత వేసేటప్పుడు 89 ఉంది. ఆ అంకె బాగా గుర్తు, ఎందుకంటే చార్జరు వెంట పెట్టుకోవాలా వద్దా అని అప్పుడే ఆలోచించి, 89 ఉందిగా, అక్కర్లేదులే అనుకున్నాను. పదకొండు గంటల పాటు బ్యాగులో, చీకట్లో, ఎవరూ తాకకుండా ఉన్న యంత్రం ఉన్న చార్జిలో సగం దాకా మింగేసింది.

ఇదే మొదటిసారి అయితే ఏదో అప్‌డేట్ అయ్యుంటుందని వదిలేసేదాన్ని. అప్పటికే రెండు నెలలుగా అనుమానాలు ఉన్నాయి. టేబుల్ మీద చార్జింగుకు పెట్టి పడుకుంటే అర్ధరాత్రి ఫ్యాను చప్పుడు వినబడేది. స్క్రీన్ ఆరిపోయినా పవర్ బటన్ దగ్గరి లైటు మాత్రం నిలకడగా వెలుగుతూ ఉండేది. నా మెషీన్ నిజంగా నిద్రపోతే ఆ లైటు ఊపిరి తీస్తున్నట్టు నెమ్మదిగా వెలిగి ఆరుతుంది. నిలకడగా వెలిగిందంటే మెలకువగా ఉన్నట్టే. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు. నా కష్టం దానికి తలకిందులు. నటించేదాన్ని పట్టుకుని పడుకోబెట్టాలి.

మా తమ్ముడికి చెబితే, "అక్కా, రోజూ షట్‌డౌన్ చేసి పడెయ్యొచ్చుగా? నేనదే చేస్తా. నాకే గొడవా లేదు" అన్నాడు. వాడన్నది సబబే. కానీ నాది అనువాదాల పని. ఒక పక్క మూలం, ఇంకో పక్క నాలుగు నిఘంటువులు, మధ్యలో సగం రాసిన వాక్యం. రాత్రి ఎక్కడ ఆపానో పొద్దున అక్కడే కర్సర్ కొట్టుకుంటూ కనబడితే తప్ప నాకు చెయ్యి ఆడదు. షట్‌డౌన్ చేస్తే అవన్నీ మళ్లీ పరుచుకోవడానికే పావుగంట. అయినా మూత వేస్తే పడుకోవడమన్నది ల్యాప్‌టాప్‌కు కనీస మర్యాద కదా.

మొదట అనుమానించింది బ్యాటరీని. మూడేళ్ల మెషీన్, బ్యాటరీ పోయి ఉంటుందనుకున్నాను. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని ఒక కమాండ్ ఉంది. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నా. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆ మాట కొట్టి, ఒక ఖాళీ వదిలి స్లాష్ పెట్టి, దాని పక్కనే మనకు కావలసిన పని పేరు రాయాలి. బ్యాటరీరిపోర్ట్ అని రాస్తే బ్రౌజర్‌లో తెరుచుకునే నివేదిక ఒకటి తయారవుతుంది. అందులో కొత్తలో బ్యాటరీ సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండా చార్జి చేస్తే ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. నాకు వచ్చినవి సుమారు 57 వాట్ అవర్లు, 52 వాట్ అవర్లు. మూడేళ్లకు ఆ మాత్రం తరగడం సహజమే. బ్యాటరీ నిర్దోషి.

ఆ అంకెలు ఇంకో రకంగా పనికొచ్చాయి. 52లో 46 శాతం అంటే దాదాపు 24 వాట్ అవర్లు. దాన్ని 11 గంటలతో భాగిస్తే గంట గంటకూ 2 వాట్ల పైచిలుకు. పడుకున్న ల్యాప్‌టాప్ ఒక వాటు కూడా వాడకూడదు. అంటే ఇది పడుకోలేదు. అయితే 2 వాట్లకే ఫ్యాను తిరగదు, ఒళ్లో పెట్టుకోలేనంత వేడి రాదు. సగటు 2 అయినా, మధ్యలో ఎప్పుడో అది బాగా ఎక్కువే తాగి ఉండాలి. ఈ సంగతి ఆ రోజే కాగితం మీద రాసుకున్నాను. రాసుకుని, దాని అర్థం పట్టించుకోకుండా పది రోజులు వేరే దారిలో తిరిగాను.

స్లాష్ పక్కన ఉత్త ‘ఎ’ అనే అక్షరం రాస్తే ఈ మెషీన్‌కు ఏయే నిద్రలు వచ్చో చెబుతుంది. నిద్రలో రకాలేమిటి అనుకోకండి, ఉన్నాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో కంప్యూటర్ కరెంటు వాడకానికి ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. అందులో ఎస్0 అంటే పూర్తి మెలకువ. ఎస్3 అంటే ప్రాసెసర్‌తో సహా దాదాపు అన్నీ ఆపేసి, ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోకుండా దానికి మాత్రం కాస్త కరెంటు ఇవ్వడం. మనం ఏళ్ల తరబడి స్లీప్ అని పిలిచింది దీన్నే. ఎస్4 అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి కరెంటు పూర్తిగా ఆపేయడం, అదే హైబర్నేట్. ఎస్5 అంటే షట్‌డౌన్.

నా మెషీన్ ఇచ్చిన జాబితాలో ఎస్3 లేదు. ఫర్మ్‌వేర్‌లోనే, అంటే తయారీదారు మెషీన్‌లో ఎక్కించి ఇచ్చే మూల సాఫ్ట్‌వేర్‌లోనే, దానికి చోటు లేదని కింద రాసి ఉంది. దాని స్థానంలో ‘ఎస్0 లో-పవర్ ఐడిల్’, అంటే తక్కువ కరెంటుతో ఊరకే ఉండటం, అని ఉంది. దీనికే మోడ్రన్ స్టాండ్‌బై అని పేరు. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బైగా మొదలై, 2015లో విండోస్ 10 వచ్చాక ఈ పేరుతో విస్తరించింది. ఫోన్ ఎలా పడుకుంటుందో అలాగన్నమాట. స్క్రీన్ ఆరిపోతుంది, కానీ మెషీన్ సాంకేతికంగా ఎస్0లోనే, అంటే మెలకువలోనే ఉంటుంది. లోపలి భాగాలు ఒక్కొక్కటిగా కరెంటు వాడకం తగ్గించుకుంటూ పోయి, అన్నీ సద్దుమణిగితే అప్పుడు ప్రాసెసర్ గాఢనిద్రలోకి జారుతుంది. ఎస్3 తలుపుకు తాళం వేసి లైట్లన్నీ ఆర్పేయడం లాంటిదైతే, ఇది ఇంట్లో ప్రతి ఒక్కరూ ఎవరి గది లైటు వాళ్లు ఆర్పుకుంటారని నమ్మి మనం పడుకోవడం లాంటిది. ఒక్కరు మరిచిపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇది చదవగానే నాకు దొంగ దొరికిపోయాడనిపించింది. ఈ కొత్త పద్ధతే తప్పు, దీన్ని తీసేస్తే పాత ఎస్3 వచ్చేస్తుంది! అలా తీసేయడానికి విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ప్లాట్‌ఫారమ్ ఏఓఏసీ ఓవర్‌రైడ్ అనే విలువను సున్నా చేస్తే చాలని ఒకచోట చదివాను. చేశాను. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశాను. ఏమీ మారలేదు. మళ్లీ చేశాను. ఊహూ. అక్షరం ఏదో తప్పు కొట్టానేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను. చివరికి విసిగి రీస్టార్ట్ నొక్కితే అప్పుడు మారింది. షట్‌డౌన్‌తో కానిది రీస్టార్ట్‌తో ఎలా అయిందో ఆ రోజు అర్థం కాలేదు. ఆ ముడి చివర్లో విప్పుతాను.

మారింది సరే, ఏం మారింది? స్టార్ట్ మెనూలో స్లీప్ అనే మాటే మాయమైంది. ఎస్0 నిద్ర తీసేశాను, ఎస్3 ఫర్మ్‌వేర్‌లోనే లేదు. అంటే నా ల్యాప్‌టాప్‌కు ఇక నిద్రే లేదు. మూత వేస్తే స్క్రీన్ ఆరుతుంది, అంతే, లోపల అంతా మామూలుగా నడుస్తూనే ఉంటుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. అదృష్టం కొద్దీ బ్యాగులో పెట్టకముందే గమనించాను. ఆ విలువను తుడిచేసి, ఈసారి నేరుగా రీస్టార్ట్ చేశాక స్లీప్ తిరిగొచ్చింది. మీ మెషీన్‌లో ఈ పని చేయాలనిపిస్తే ముందు ఆ ‘ఎ’ జాబితా చూసుకోండి. ఫర్మ్‌వేర్ ఎస్3 ఇవ్వదని అందులో ఉంటే చెయ్యి పెట్టొద్దు.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, ఊహలు కట్టిపెట్టి మెషీన్‌నే అడగడం మొదలుపెట్టాను. స్లాష్ పక్కన రిక్వెస్ట్స్ అని రాస్తే, ఈ క్షణంలో ‘పడుకోవద్దు’ అని ఏ ప్రోగ్రామ్, ఏ డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పట్టుబడుతున్నాయో చూపిస్తుంది. డిస్‌ప్లే, సిస్టమ్, అవేమోడ్, ఎగ్జిక్యూషన్ అంటూ శీర్షికలు వరసగా వస్తాయి. ప్రతిదాని కిందా ‘నన్’ అని ఉంటే ఎవరూ ఆపడం లేదన్నమాట. నాకు సిస్టమ్ కింద సౌండ్ డ్రైవర్ పేరు, ఒక ఆడియో స్ట్రీమ్ వాడకంలో ఉందనే వాక్యం కనబడ్డాయి.

గది నిశ్శబ్దంగా ఉంది. పాట లేదు, వీడియో లేదు. మరి ఏ ఆడియో? ఒక్కో ప్రోగ్రామ్ మూసేసి, ప్రతిసారీ ఆ కమాండ్ మళ్లీ కొట్టాను. బ్రౌజర్ మూశాను, ఉంది. నిఘంటువులు మూశాను, ఉంది. వర్డ్ మూశాను, ఇంకా ఉంది. స్క్రీన్ మీద తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసినా ఉంది. అప్పుడు స్క్రీన్ కింద కుడి మూలన గడియారం పక్కనున్న చిన్న బాణం గుర్తొచ్చి నొక్కితే, వారం కిందటి మీటింగ్ తాలూకు వీడియో కాల్ ప్రోగ్రామ్ అక్కడ ముడుచుకుని కూర్చుంది. మీటింగ్ ముగిసినా సౌండ్ పరికరాన్ని వదల్లేదు. దాని మీద కుడి బటన్ నొక్కి క్విట్ చేశాను. కమాండ్ కొడితే అన్నిటి కిందా నన్, నన్, నన్. వరసగా అన్ని నన్‌లు చూసి అంత సంతోషపడ్డ మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పది నిమిషాలు అలాగే వదిలేస్తే స్క్రీన్ ఆరింది, కాసేపటికి లైటు ఊపిరి తీయడం మొదలుపెట్టింది. రాత్రి ఫ్యాను చప్పుడు లేదు. ఆ ప్రోగ్రామ్ సెట్టింగుల్లోకి వెళ్లి, కిటికీ మూస్తే పూర్తిగా మూతపడేలా మార్చాను. తమ్ముడికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున బ్యాగు తెరిస్తే మళ్లీ సెగ.

కాసేపు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నేను సరిచేసింది నిజంగానే సరైంది. టేబుల్ మీద జబ్బు నయమైంది. కానీ బ్యాగులో జబ్బు వేరు. రెండూ ఒకటేనని నేను అనుకున్నానంతే. తర్వాత చదివితే తెలిసింది. మోడ్రన్ స్టాండ్‌బై ఉన్న మెషీన్ బ్యాటరీ మీద ఉంటే, ఇలాంటి పట్టుదలలను విండోస్ 5 నిమిషాలకు మించి సాగనివ్వదు, రద్దు చేసేస్తుంది. చార్జరు పెట్టి ఉంటేనే అవి చెల్లుబాటవుతూ ఉంటాయి. అంటే ఆ వీడియో కాల్ ప్రోగ్రామ్‌కు బ్యాగుతో సంబంధమే లేదు.

అప్పుడు దొరికిన కమాండ్‌నే మొదటి రోజు కొట్టి ఉంటే సగం తిప్పలు తప్పేవి. స్లాష్ పక్కన స్లీప్‌స్టడీ అని రాయాలి. గడిచిన మూడు రోజుల్లో మెషీన్ ఎప్పుడెప్పుడు పడుకుంది, ఎంతసేపు పడుకుంది, ఆ సమయంలో ఎంత చార్జి పోయింది, నిద్ర ఎంత గాఢంగా పట్టింది అన్నీ వరసలుగా చూపిస్తుంది. ఒక చిన్న చిక్కు: అడ్మినిస్ట్రేటర్ కిటికీలో కొడితే ఆ ఫైల్ మన ఫోల్డర్లలో కాకుండా విండోస్ లోపలి సిస్టమ్32లో పడుతుంది. దాన్ని పది నిమిషాలు డెస్క్‌టాప్ మీద వెతికాను. ఎక్కడ పడేసిందో కమాండే చివరి వరసలో చెబుతుంది, మనం చదవం, అంతే తేడా.

నివేదిక తెరవగానే బ్యాగులో గడిచిన గంటలు రెండు ముక్కలుగా విడిపోయాయి. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఎనిమిది దాకా ఒకే పొడవైన వరస, ఎర్ర రంగులో. ఎనిమిది తర్వాత చిన్న చిన్న వరసలు: మూడు నిమిషాలు నిద్ర, నాలుగు నిమిషాలు మెలకువ, రెండు నిమిషాలు నిద్ర, మళ్లీ మెలకువ. ఎనిమిది గంటలంటే నేను బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరే వేళ. అంటే వేడి రాత్రిది కాదు. రాత్రంతా చార్జి నెమ్మదిగా కారిపోయింది. వేడి, ఫ్యాను మాత్రం దారిలో మొదలయ్యాయి. మొదటి రోజు కాగితం మీద రాసుకున్న లెక్క అప్పుడు మళ్లీ తీసి చూశాను. సగటు 2 వాట్లకు ఫ్యాను తిరగదని నేనే రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

దారిలోని మెలకువలు తేలిగ్గానే తేలాయి. మెషీన్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నల్ పవర్ అనే పేరుతో వచ్చిన వాటిలో 506, 507 నంబర్లు చూడాలి. 506 అంటే స్టాండ్‌బైలోకి వెళ్లింది, 507 అంటే బయటికొచ్చింది. ఒక్కోదాని కింద కారణం కూడా ఉంటుంది. నావన్నీ ఇన్‌పుట్ మౌస్. వైర్‌లెస్ మౌస్‌ను అదే బ్యాగులో, అదే అరలో, స్విచ్ ఆపకుండా పడేస్తాను. దాని సిగ్నల్ అందుకునే గోరంత డాంగిల్ ల్యాప్‌టాప్ పక్కనే గుచ్చి ఉంటుంది. నేను అడుగు వేసినప్పుడల్లా మౌస్ కదులుతోంది, డాంగిల్ ల్యాప్‌టాప్‌ను తట్టి లేపుతోంది. పాపం అది పడుకోవాలనే చూసింది, నేనే పడుకోనివ్వలేదు.

డివైస్ మేనేజర్‌లో మౌస్ తాలూకు పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసేయొచ్చు. అందరికీ చెప్పే మార్గం అదే. నేను డాంగిల్ పీకి మౌస్ పొట్టలో ఉన్న దాని గూట్లో పెట్టేశాను. మెషీన్ మూసే ముందు అది పీకడం ఇప్పుడు చేతికి అలవాటైపోయింది.

వేడి పోయింది. కానీ రాత్రి కారడం తగ్గలేదు. మర్నాటికి 89 కాస్తా 52 అయింది. ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది.

ఆ పొడవైన ఎర్ర వరసను నొక్కితే కింద వివరాలు తెరుచుకుంటాయి. వాటిలో తక్కువ పవర్ స్థితిలో గడిపిన సమయం అని ఒక అంకె ఉంటుంది, అదీ రెండుగా. ఒకటి ఎస్‌డబ్ల్యూ, అంటే సాఫ్ట్‌వేర్. రెండోది హెచ్‌డబ్ల్యూ, అంటే హార్డ్‌వేర్. నాది ఎస్‌డబ్ల్యూ 97 శాతం, హెచ్‌డబ్ల్యూ సున్నా. ఈ రెంటికీ తేడా అర్థమవ్వడానికి కాస్త సమయం పట్టింది గానీ, అర్థమయ్యాక కథంతా అందులోనే ఉంది. సాఫ్ట్‌వేర్ తన వంతు పనులన్నీ సర్దేసి, ఇక పడుకుందాం అని రాత్రిలో 97 శాతం సమయం ఎదురుచూసింది. చిప్ మాత్రం డ్రిప్స్ అనే అడుగుమట్టపు గాఢనిద్రలోకి ఒక్క నిమిషం కూడా దిగలేదు. మాట మాట్లాడేవాళ్లు లేరు, లైటు మాత్రం ఆరలేదు. ఏదో ఒక భాగం కరెంటు వదలకుండా పట్టుకుని కూర్చుంది.

అందరిలాగే నేనూ మొదట వైఫైని అనుమానించాను. స్టాండ్‌బైలో కూడా నెట్‌కు అతుక్కుని మెయిళ్లు తెచ్చుకోవడం ఈ పద్ధతిలో ఉన్న సౌకర్యమే కాబట్టి ఎక్కడ చదివినా వేళ్లన్నీ దాని వైపే చూపిస్తాయి. కానీ అనుమానంతో సెట్టింగులు మార్చడం రిజిస్ట్రీతోనే ఆపేశాను కదా. ఒక రాత్రికి ఒకే మార్పు, పొద్దున స్లీప్‌స్టడీ చూసి పుస్తకంలో రాయడం అని నియమం పెట్టుకున్నాను. మొదటి రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాను. పొద్దున హెచ్‌డబ్ల్యూ సున్నా. పోయిన చార్జి రెండు మూడు శాతం తగ్గిందేమో, అంతే. రెండో రాత్రి బ్లూటూత్ ఒక్కటీ ఆపాను. సున్నా. మూడో రాత్రి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఒకటి ఉంటే వేశాను. అది వేసేటప్పుడు స్క్రీన్ నల్లబడి మెషీన్ రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయ్యేసరికి గుండె గొంతులోకొచ్చింది. పొద్దున మళ్లీ సున్నా. నాలుగో రాత్రి ప్రోగ్రాములన్నీ మూసేసి, ఖాళీ మెషీన్ పడుకోబెట్టాను. సున్నాయే.

ఆ నాలుగు సున్నాలూ నిరాశపెట్టాయి గానీ, వృథా మాత్రం కాలేదు. ప్రోగ్రాములేవీ లేని రాత్రి కూడా సున్నా అంటే దోషం ప్రోగ్రాముల్లో లేదు. వైఫై ఆపినా సున్నా అంటే అందులోనూ లేదు. ఇక మిగిలింది మెషీన్‌కు తగిలించి ఉన్నవే. డాంగిల్ తీసేశాను. చార్జరు లేదు. ఇంకేం ఉన్నాయని ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూశాను. కుడి పక్కన, అంచుతో సమానంగా, నల్లటి ప్లాస్టిక్‌లో కలిసిపోయి, ఒక మెమరీ కార్డు.

అది పెట్టింది నేనే. డిస్క్‌లో చోటు చాలట్లేదని పాత ఫైళ్లు దాచుకోవడానికి కార్డు కొని, స్లాట్‌లో తోసి, తీయాల్సిన అవసరం రాక మరిచిపోయాను. ఎప్పుడు పెట్టానో ఆ కార్డులో ఫైళ్ల తేదీలు చూస్తే తెలిసింది. సరిగ్గా రెండు నెలల పైన. రాత్రి చార్జి పోవడం మొదలైందీ అప్పుడే.

ఐదో రాత్రి కార్డు తీసి పడుకోబెట్టాను. పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా నివేదిక తెరిచాను. పొడవైన వరస పచ్చగా ఉంది. ఎస్‌డబ్ల్యూ 98, హెచ్‌డబ్ల్యూ 95. రాత్రంతా కలిపి పోయింది 3 శాతం. నమ్మకం చాలక ఆరో రాత్రి కార్డు మళ్లీ పెట్టి చూశాను. సున్నా. ఏడో రాత్రి తీసేశాను. 96. కార్డ్ రీడర్‌కు కొత్త డ్రైవర్ దొరికితే అదీ వేసి ఎనిమిదో రాత్రి కార్డుతో మరో అవకాశం ఇచ్చాను. మళ్లీ సున్నాయే. ఇక ఆ కార్డుకూ నా ల్యాప్‌టాప్‌కూ చెల్లు. కార్డు స్లాట్‌లో ఉన్నంతసేపూ రీడర్ మెలకువగా ఉంటోంది. అది మెలకువగా ఉంటే చిప్ పడుకోదు. గోరు వెడల్పు ముక్క ఒకటి మెషీన్ మొత్తాన్ని జాగారం చేయించింది.

వెనక్కి చూసుకుంటే నన్ను తిప్పలు పెట్టింది సాంకేతికత కాదు, లెక్క. నేను ఒక్క దొంగ కోసం వెతికాను. ఉన్నది ముగ్గురు. టేబుల్ మీద వీడియో కాల్ ప్రోగ్రామ్, దారిలో మౌస్, రాత్రి కార్డు. ఒకణ్ణి పట్టుకుంటే మిగతా ఇద్దరూ పని కానిచ్చేస్తూ ఉండటంతో, పట్టుకున్నవాడు దొంగ కాడేమోనని నాకే సందేహం వచ్చేది.

ఇన్ని చేశాక కూడా బ్యాగు విషయంలో నాకు భయం పూర్తిగా పోలేదు. అందుకే హైబర్నేట్ తోడు పెట్టుకున్నాను. కొన్ని మెషీన్లలో అది పవర్ మెనూలో కనబడదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే పేజీలో దానికి టిక్ పెట్టాలి. అక్కడా లేకపోతే పవర్‌సీఎఫ్‌జీ పక్కన స్లాష్ హెచ్ ఆన్ అని కొట్టాలి. దానికోసం విండోస్ డిస్క్ మీద ర్యామ్ సైజులో మామూలుగా 40 శాతం చోటు పక్కన పెట్టుకుంటుంది, డిస్క్ ఇరుకుగా ఉన్నవాళ్లు అది చూసుకోవాలి. బ్యాటరీ మీద మూత వేసి గంట దాటితే హైబర్నేట్‌లోకి వెళ్లేలా పెట్టాను. పొద్దున తెరిస్తే లేవడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. నాకేం తొందర లేదు, కర్సర్ ఉన్నచోటే ఉంటే చాలు.

నా గోల విని ఇద్దరు ముగ్గురు వాళ్ల మెషీన్లు కూడా చూడమన్నారు. మ్యాక్ అయితే టెర్మినల్‌లో పీఎమ్‌సెట్ అని రాసి, హైఫన్ జీ, తర్వాత అసెర్షన్స్ అని కొడితే ఎవరు నిద్ర ఆపుతున్నారో చెబుతుంది. లైనక్స్‌లో సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ అనే కమాండ్‌కు జాబితా అడిగితే అదే పని అవుతుంది. అందులో సిస్ కింద పవర్ ఫోల్డర్‌లో మెమ్ స్లీప్ అనే ఫైల్ చూస్తే, మెషీన్‌కు పాత తరహా డీప్ నిద్ర ఉందో, కొత్త ఎస్2ఐడిల్ ఒక్కటే ఉందో ఒక్క వరసలో తెలిసిపోతుంది.

ఇక షట్‌డౌన్ ముడి. కార్డు సంగతి చెబుదామని తమ్ముడి దగ్గరికి వెళితే, "చూశావా అక్కా, నాలా రోజూ షట్‌డౌన్ చేసి ఉంటే ఈ తిప్పలేవీ ఉండేవి కాదు" అన్నాడు. రిజిస్ట్రీ రోజు నుంచి నాకు ఆ మాట మీద ఒక కన్ను ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ గుండెకాయ లాంటి లోపలి కెర్నల్ మాత్రం ఆగిపోకుండా హైబర్నేట్ అయి, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. నిజంగా మొదటినుంచి మొదలయ్యేది రీస్టార్ట్‌లోనే. అందుకే ఆ రోజు నేనెన్నిసార్లు షట్‌డౌన్ చేసినా రిజిస్ట్రీలో మార్చింది మెషీన్ తలకెక్కలేదు.

"ఏదీ, టాస్క్ మేనేజర్ తెరువు. పెర్ఫార్మెన్స్ నొక్కి, సీపీయూ కింద అప్‌టైమ్ చూడు" అన్నాను.

తెరిచాడు. ప్రతి రాత్రీ షట్‌డౌన్ చేసే వాడి ల్యాప్‌టాప్, 23 రోజులుగా నడుస్తూనే ఉన్నానని చెబుతోంది.

"ఇదేంటక్కా?" అంటూ కుర్చీ నా వైపు జరిపాడు.